చిత్తుబొమ్మ మీద అతుకు

నా చిన్నప్పుడు న్యూజెర్సీలో మా అమ్మ ఒక ఆస్పత్రిలో ఆయాగా పనిచేసేది. నర్సు లైసెన్సు పరీక్ష రాయడానికి దరఖాస్తు నింపి బల్ల మీద పెట్టుకుంది. ఏడేళ్లదాన్ని, దాని మీద ఇంకు పెన్నుతో ఇంత పిచ్చుకను గీసిపెట్టాను.

అమ్మ వరసగా రెండు షిఫ్టులు చేసి వచ్చింది. కొట్టలేదు. కుర్చీలో కూలబడి, "నిన్ను అమ్మమ్మ దగ్గరే వదిలేసి రావాల్సింది," అంది. అరిచి ఉంటే కోపమనుకునేదాన్ని. అంత మెల్లగా అనేసరికి నిజమే అనుకున్నాను. వారం రోజులు అమ్మతో ముక్తసరిగానే మాట్లాడాను. నన్ను ఎప్పుడు పంపేస్తుందోనని అటక మీది సూట్‌కేసు వైపు చూస్తూ ఉండేదాన్ని.

పక్కింటి అక్క ఒక మ్యూజియంలో పాత కాగితాలు బాగుచేసేది. మా ఇద్దరి వాలకం చూసి, ఆదివారం తన పనిగదికి తీసుకెళ్లింది. బల్ల మీద యూరప్‌లో మూడొందల ఏళ్ల కిందటి, బరోక్ కాలం నాటి చిత్తుబొమ్మ ఒకటి ఉంది. చర్చిలో బలిపీఠం వెనక నిలబెట్టే పెద్ద పటం కోసం ముందుగా సిరాతో వేసుకున్నదట. పెద్దది చెయ్యడానికి వీలుగా అంతటా గళ్లు గీసి ఉన్నాయి. మరియమ్మ ఒళ్లోని బిడ్డనే చూస్తోంది. ఆ మొహం మాత్రం విడిగా అంటించిన కాగితం ముక్క. ఒక అంచే అతుక్కుని ఉంటే, అక్క సన్నటి బద్దతో దాన్ని ఎత్తింది. కింద ఇంకో మొహం, బిడ్డని చూడకుండా పక్కకి తిరిగి ఉంది.

చెరిపెయ్యొచ్చుగా అని అడిగింది అమ్మ.

"సిరా చెరగదు కదా పిన్నీ. అందుకే ఈ బొమ్మ వేసినాయన పైన ఇంకో మొహం వేసి అంటించాడు," అంది అక్క.

అమ్మ చాలాసేపు అక్కడే నిలబడింది. నాకు కాళ్లు నొప్పి పుట్టాయి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు కూర్చున్నదల్లా నా వైపు తిరిగింది.

"ఆ రోజన్న మాట ఎలాగూ చెరగదు. దాని మీద ఇది అంటించుకోవే. నువ్వు లేకపోతే ఈ ఊళ్లో నేను ఒక్క రోజు కూడా ఉండలేను."

నాకు ఏడుపొచ్చింది.

ఆ కింది మాట ఈనాటికీ పోలేదు, అబద్ధమెందుకు. ఇప్పుడు అరవై దాటి, అదే న్యూజెర్సీలో ఎడిసన్ అనే ఊళ్లో మతిమరుపు ముదిరిన మావారిని చూసుకుంటున్నాను. ఒళ్లు అలిసిపోతుంది, నోరు జారుతుంది. ఈ ఉదయం అడిగిందే నాలుగోసారి అడిగితే, మీతో వేగలేక చస్తున్నాననేశాను. కాసేపటికి కాఫీ పట్టుకెళ్లి పక్కన కూర్చుని, మీరు లేకపోతే ఈ ఇంట్లో నాకు తోచదండీ అని చెప్పాను. ఇదెందుకు చెబుతున్నానా అన్నట్టు చూశారు. ఆయనకి మొదటి మాట గుర్తే లేదు. నాకు గుర్తుంది కదా, అందుకే అంటించాను.