రాయి మీద లేని పేరు: మార్టూరు నుంచి చీరాల దాకా

మా పెదనాన్న రామ్మోహన్ డెబ్బై ఒకటి యుద్ధంలో బాంబర్ విమానం నడుపుతూ చనిపోయాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు, పెళ్లై ఏడాది. శరీరం కూడా దొరకలేదు. పర్చూరు పక్కన మా ఊరి బడిలో తన అన్నయ్య పేరున ఒక రాయి పెట్టించమని మా నాన్న పోయేముందు అడిగాడు. చుట్టాలంతా చందాలేసుకున్నాం, దాని మీద ఏం చెక్కాలో రాసిచ్చింది నేనే. చెక్కడం అయిపోయిందని మార్టూరు నుంచి ఫోన్ వస్తే, ఫిబ్రవరిలో ఒక మంగళవారం చూడ్డానికి బయల్దేరాను.

గుంటూరు బస్టాండులో ఆరున్నరకు ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, చిలకలూరిపేట మీదుగా ఎనిమిది దాటేసరికి మార్టూరులో దిగొచ్చు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకు టికెట్ డబ్బులు పడలేదు, మగవాళ్లకు వంద దాటుతుంది. పొద్దుటిపూట కుడివైపు సీటు మంచిది, ఎడమవైపు ఎండ కొడుతుంది. కళ్లాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకి బస్సంతా తుమ్ములే. హైవే మీద నుంచి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌కి ఆటోలో యాభై తీసుకున్నాడు.

రాయి అద్దంలా ఉంది. మేస్త్రి దాని మీద నీళ్లు పోసి, గుడ్డతో తుడిచి, మిషన్ల హోరులో గట్టిగా అడిగాడు. "ఏవండీ, ఈయనకి పెళ్లి కాలేదా?"

"అయింది."

"మరి ఆవిడ పేరేదండీ? దాతల పేర్లు పదకొండు పట్టాయి గానీ ఆవిడ పేరుకి చోటు లేదా?"

పెదనాన్న చీరాల నేతపని వాళ్లమ్మాయి సుగుణను రిజిస్టరాఫీసులో పెళ్లి చేసుకున్నాడు. మా నాయనమ్మ ఆమెను కోడలిగా ఒప్పుకోలేదు. మా ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తేవారు కాదు. మర్చిపోయానంటే అబద్ధమవుతుంది. రాసేటప్పుడు గుర్తొచ్చింది. చుట్టాలు ఏమంటారోనని వదిలేశాను. దాతల్లో నా పేరు మాత్రం మూడోది.

నాన్న డైరీలో ఆమె అడ్రసు ఉంది. ఆయనా ఎప్పుడూ వెళ్లలేదు. పర్చూరుకు షేర్ ఆటోలో ముప్పై రూపాయలిచ్చి, అక్కడ బస్సు మారి, పదకొండున్నరకు చీరాలలో దిగాను. గుంటూరులో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసినదాన్ని, రెండు గంటల దూరం ఇన్నాళ్లూ రాలేకపోయాను.

ఆ అడ్రసు ఇంటి వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతోంది ఆమె. డెబ్బై అయిదేళ్లుంటాయి. నేను ఫలానా అని చెప్పుకుని, "పెద్దమ్మా" అన్నాను. రాట్నం ఆగింది.

"ఇన్నేళ్లకా అమ్మాయ్?" అంది. లోపలికెళ్లి మజ్జిగ తెచ్చిచ్చి, మళ్లీ రాట్నం ముందు కూర్చుంది. రాయి సంగతి, మేస్త్రి అడిగిన మాట అన్నీ చెప్పాను. ఆ రాయి ముఖం మొత్తం అరగదీయించి మళ్లీ చెక్కిస్తానని, ఆమె పేరు కూడా వేయిస్తానని అన్నాను.

"చనిపోయాడని తెలిసిన పదో రోజున మీ ఊరొచ్చాను. నీకు తెలుసా?"

"తెలీదు."

"మీ నాయనమ్మ గడప దగ్గరే ఆపేసింది. తిరిగెళ్లి బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. దారినపోయేవాళ్లు చూస్తున్నారని ఏడవలేదు." దారం తెగితే ముడేసుకుంది. "రాయి మీద చోటు నాకెందుకమ్మా? ఆ రోజు మీ వసారాలో ఓ మూల కూర్చుని ఏడవడానికి చోటు కావాల్సొచ్చింది. అది ఇప్పుడు మీరివ్వలేరు గదా!"

ఆ మాట అన్నది కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది. నేనే ఆమె ముందు కూర్చుని ఏడ్చాను. చివరికి, "సర్లే, చెక్కించుకో. ఆయన ఒక్కడే ఉండలేడు," అంది.

మూడింటి బస్సుకి తిరుగు ప్రయాణమయ్యాను. దారిలోనే మేస్త్రికి ఫోన్ చేసి, దాతల పేర్లన్నీ తీసేసి రెండు పేర్లే చెక్కమన్నాను. ఆ సంగతి తెలిసి, దాతల్లో ఉన్న నా తమ్ముళ్లిద్దరు అప్పుడే నాతో మాటలు మానేశారు. మానితే మాననీ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది, నాకూ తెలుసు. యుద్ధం ఆమె భర్తను తీసుకుపోయింది. ఆయన కోసం ఏడ్చే హక్కును మాత్రం లాక్కున్నది మేమే. ఆ తప్పును ఏ మిషనూ అరగదీయలేదు.

మార్టూరులో రాయి చేయించాలనుకునేవాళ్లకు ఒక్క మాట. చెక్కే ముందు మేస్త్రి అక్షరాలన్నీ కాగితం మీద వేసి మీ సంతకం అడుగుతాడు. తొందరపడి పెట్టేయకండి. పోయినవాళ్ల కోసం అందరికంటే ఎక్కువ ఏడ్చిన మనిషి ఎవరో కనుక్కుని, ఆ కాగితం ముందు వాళ్లకు చూపించండి.