పైసా ఖర్చు లేని మిషను

ఒర్లియంపేటలో పెళ్లిపత్రికలు అచ్చువేసే కుప్పుస్వామిని పిసినారి అనకండి, పిసినారికి కనీసం లెక్క తెలుసు. వీధిలోని ప్రెస్సులన్నీ ఆఫ్‌సెట్‌కు మారినా అతను తండ్రి నాటి ట్రెడిల్ మిషను వదల్లేదు. దాని ఇనుప దవడల మధ్య కాగితం పెట్టి, అవి మూసుకునేలోగా చెయ్యి తీసేయాలి. ఆ పని భార్య అంబుజానిది. 2001లో ఆమె కుడిచేతి చూపుడువేలు పోయింది. 2004లో అదే చేతి నడివేలు, ఉంగరపువేలు ఒకేసారి నలిగి ఊడిపోయాయి.

ఆ ఏడు ఆయుధపూజకు కుప్పుస్వామి మిషనుకు దండ వేసి, నెత్తురు మరక ఎండిన చోటే కుంకుమ పూశాడు. దిష్టి పోవాలని దాని ముందు గుమ్మడికాయ పగలగొట్టాడు.

"మా నాయన కొన్నింది. దీనికి పైసా ఖర్చు లే," అన్నాడు పూజకొచ్చిన వాళ్లతో.

అంబుజం లోపల్నుంచి సమ్మెట తెచ్చింది. మొదటి దెబ్బకు దండ తెగింది. రెండో దెబ్బకు పోత ఇనుప చక్రం పగిలి ముక్క గోడకు తగిలింది.

"ఖర్చు లేదంటివే. నా వేళ్లు యాడ పోయినాయి?"

ఆమె మళ్లీ సమ్మెట ఎత్తింది. ఆపబోయి కుప్పుస్వామి ఆమె కుడిచెయ్యి పట్టుకున్నాడు. అతని పిడికిట్లోకి రెండే వేళ్లు వచ్చాయి.