నానమ్మ దిండు కింద తెల్ల పుష్యరాగాలు

మా చిన్నప్పుడు... ఇంట్లోకి కొత్త వజ్రపు రవ్వ వస్తే అది నేరుగా చెవికెక్కేది కాదు. ముందు నానమ్మ దిండు కిందికి వెళ్లేది. రెండు మూడు రాత్రులు ఆవిడ దాని మీద పడుకునేది. హాయిగా నిద్రపడితే రవ్వ అచ్చొచ్చినట్టు... పీడకల వస్తే షాపుకి వాపసు! మా పెద్దమ్మ రవ్వల కమ్మలు అలా పాసైనవే.

బాబాయి పెళ్లి కుదిరింది. అప్పుడు మేం నేరేడ్‌మెట్‌లో ఇల్లు కట్టుకుంటున్నాం... రవ్వల ఊసెత్తే పరిస్థితి కాదు. కానీ అమ్మకి ఏడు రాళ్ల కమ్మలంటే ప్రాణం. మరిది పెళ్లిలో బోసి చెవులతో తిరగడం ఆమెకి ఇష్టం లేదు. అప్పు చేసి రవ్వలు కొనడం అసలే ఇష్టం లేదు.

"రవ్వలే పెట్టుకోవాలని ఎవరు రాసిపెట్టిండ్రు?" అంటూ నన్ను వెంటబెట్టుకుని జనరల్ బజార్‌కి బయల్దేరింది.

షాపాయన రకరకాల తెల్ల రాళ్లు పరిచాడు. దీపాల కింద అన్నీ మెరిసిపోతున్నాయి. అమ్మ వాటిని గుమ్మం దగ్గరికి తెచ్చి ఎండలో చూసింది, మళ్లీ నీడలో చూసింది. "షాపుల మెరిస్తే ఏం లాభం? మన వంటింట్ల మెరవాలె" అంది. మరీ రంగురంగులుగా మిణుకుమన్నవి పక్కన పెట్టేసింది. తెల్ల పుష్యరాగాలు మాత్రం నిమ్మళంగా, తేట నీళ్లలా ఉన్నాయి.

అక్కడితో ఆగిందా... చేతిసంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసింది! ఒక రాయికి నూనె రాసి, కొంగుతో తుడిచి, తలనూనె జిడ్డు తగిలినా మెరుపు నిలుస్తుందో లేదో చూసింది. షాపాయన నోరెళ్లబెట్టాడు.

"రవ్వకున్నంత మెరుపు రాదమ్మా, కానీ తొందరగా గీతలు పడవు" అని ఆయన ఉన్నమాట చెప్పాడు. అమ్మకి అది చాలు.

కంసాలికి ఇచ్చేముందు రాళ్ల పొట్లం నానమ్మ ముందు పెట్టింది. "అత్తమ్మా, జెర దిండు కింద పెట్టి చూడుండ్రి."

నానమ్మ పొట్లం విప్పనైనా లేదు. "ఇవేమన్న రవ్వలా? వీటికి పరీక్ష ఏందీ?" అనేసింది.

అమ్మ ముఖం చిన్నబోయింది. నాకైతే నానమ్మ మీద ఒళ్లు మండిపోయింది. అమ్మ పొట్లం తీసుకెళ్లి పోపుల డబ్బా వెనకాల పెట్టింది. కొన్నాళ్లకి కంసాలికి ఇచ్చింది.

కమ్మలు తయారయ్యాయి. పెళ్లికి బయల్దేరుతుంటే నానమ్మ అమ్మని పక్కకు పిలిచింది. "ఎవరన్న అడిగితే రవ్వలే అని చెప్పు. లేకుంటే మన ఇజ్జత్ పోతది."

కార్ఖానా ఏరియాలో ఫంక్షన్ హాలు. అనుకున్నంతా అయింది... మా మేనత్త అమ్మ గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "రవ్వలేనా వదినా?"

"కాదు వదినా, తెల్ల పుష్యరాగాలు. నేనే ఏరుకున్న. మంచిగున్నయి గదా?" అంది అమ్మ, తల దించకుండా.

చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా కమ్మలు చూడ్డానికి దగ్గరికి జరిగారు. నేను భయంభయంగా నానమ్మ వైపు చూశాను. ఇక ఇంటికెళ్లాక అమ్మ పని అయిపోయినట్టే అనుకున్నాను.

నానమ్మ కుర్చీలోంచే, అందరికీ వినబడేలా అంది... "నేను వాటిని సుత దిండు కింద పెట్టుకొని పండుకున్న. మస్తు నిద్ర పట్టింది. నా కోడలికి అచ్చొచ్చిన రాళ్లవి!"

అమ్మ గిరుక్కున ఆవిడ వైపు తిరిగింది. పోపుల డబ్బా వెనక నుంచి నానమ్మ ఆ పొట్లం ఎప్పుడు తీసిందో, ఎప్పుడు మళ్లీ పెట్టేసిందో... మాకెవ్వరికీ తెలియదు. అమ్మ కళ్లు తుడుచుకుని నవ్వేసింది. ఆ తర్వాత పెళ్లంతా ఆమె తిరిగిన తిరుగుడు చూడాలి!

మొన్న మా అమ్మాయి నిశ్చితార్థం ఉంగరానికి మొయిసనైట్ రాయి ఎంచుకుంది. చూడ్డానికి వజ్రంలాగే ఉంటుంది, ధర చాలా తక్కువ. "ఎవరైనా అడిగితే ఏం చెప్పాలమ్మా?" అంది.

"ఉన్నదున్నట్టు చెప్పు. నువ్వే ఏరుకున్నావని కూడా చెప్పు" అన్నాను. అప్పుడు నా చెవులకున్నవి అమ్మ కమ్మలే.

మీ ఇళ్లలోనూ రాళ్లని ఇలా దిండు కింద పెట్టి చూసేవారా? ఎవరి దిండో చెప్పండి, వినాలని ఉంది...

ఇప్పుడు రాయితో పాటు దాని గుణాలన్నీ అచ్చేసిన కార్డు ఇస్తున్నారు. మంచిదే. కానీ మన కోసం రాయి మీద పడుకుని చూసే నానమ్మలు లేరు. అందుకే ఉంగరం డబ్బీ ఇవాళ నా దిండు కింద ఉంది... మా అమ్మాయికి మాత్రం చెప్పకండి.