బయట నిలబడి పిలిచిన మనిషి

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడు మా వంటింటి స్టాండులో స్టీలు గ్లాసులు గలగలమంటాయి. గోదావరిఖనిలో ఆ చప్పుడుకు ఎవరూ తలెత్తరు. నేను మాత్రం గడియారం చూస్తాను. ఈ అలవాటు ఖాజా కాక నాకు అంటించి వెళ్ళాడు.

కాక మా పక్కింటాయన. భూగర్భ గనిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని చేసి రిటైరయ్యాడు. పెళ్ళయి ఆ అద్దె ఇంట్లో మేము దిగిన వారంలోనే చేతికర్ర పట్టుకుని వచ్చి, గనిలో తట్టినట్టే మా స్లాబును తట్టి తట్టి విన్నాడు. స్టవ్‌కు సరిగ్గా పైనున్న స్లాబుకు ఒకచోట సుద్దతో గీత గీశాడు. "ఈడ పెచ్చు బోలుగున్నది బేటా. జర పక్కకు నిలబడి వండుకో" అన్నాడు. మంచం పైనున్న అటక మీది ఇత్తడి బిందెలు దింపించాడు, బీరువాను గోడకు తీగతో కట్టించాడు, తలుపు గడియకు నూనె పూయించాడు. మా ఆయన నవ్వి, "మనది రోజూ ఊగే ఊరే గద కాకా, ఏం ఫికర్?" అన్నాడు.

"గదే ఫికర్. రోజూ ఊగే ఊర్ల నిజంగ భూకంపమొస్తే ఎవరు గుర్తుపడ్తరు? టైం చూడాలె. బ్లాస్టింగ్ టైం కాకుంటే జల్ది బయటికి నడువాలె" అన్నాడు కాక. పండుగ పూట కూడా ఇల్లు తనిఖీ చేసే ఆ మనిషంటే నాకప్పుడు విసుగ్గానే ఉండేది.

ఒక పొద్దున ఉప్మా కలుపుతుంటే గ్లాసులు గలగలమన్నాయి. మా ఆయన ఫస్ట్ షిఫ్టు డ్యూటీకి వెళ్ళాడు, ఎనిమిది నెలల పాప ఉయ్యాలలో ఉంది. బ్లాస్టింగే అనుకుని కలుపుతూనే ఉన్నాను. అంతలో గేటు దగ్గర నుంచి కాక గొంతు: "సుజాతా, టైం చూడు. బయటికి రా." చూస్తే ఇంకా ఎనిమిది కూడా కాలేదు. స్టవ్ ఆపి పాపను ఎత్తుకునేసరికి కాళ్ళ కింద నేల కదులుతోంది. నాకు బుద్ధి పనిచేయలేదు. ఉన్న రెండు గదుల ఇంట్లోనే తలుపు ఎటుందో తోచలేదు. "ఈ దిక్కు, ఈ దిక్కు రా బేటా" అని ఆ గొంతు ఆగకుండా పిలుస్తూనే ఉంది. దాన్ని పట్టుకునే వాకిట్లోకి వచ్చి పడ్డాను. వెనక పెచ్చు దభీమని ఉప్మా గిన్నె మీద పడింది.

అంతా సద్దుమణిగాక నాకు కోపం వచ్చింది. "పసిపిల్లతోని ఒక్కదాన్నే ఉన్న. లోపలికెందుకు రాలే కాకా?" అని అడిగేశాను.

కాక మెట్టు మీద కూర్చున్నాడు. "కాళ్ళు లోపటికే గుంజినయ్ బేటా. గనిల ఒకసారి పైకప్పు దిగితే, మా జోడీదారు లోపలున్నడని మేమందరం ఉరికినం. దుమ్ముల దారి తెల్వకపాయె. బయట నిలబడి పిలిచేటోడు ఒక్కడు లేడు. మేం ఎట్లనో బయటపడ్డం. ఆయన బయటపడలే. అప్పటిసంది నేను బయట్నే నిలబడి పిలుస్త." ఆ మాట విన్నాక ఆయన తనిఖీలంటే నాకు ఎన్నడూ విసుగు రాలేదు.

కాక పోయి రెండేళ్ళయింది. మొన్న పొద్దున వాకిలి ఊడుస్తుంటే గేటు గొలుసు గలగలమంది. అది బ్లాస్టింగ్ టైం కాదు. పాపకిప్పుడు ఏడేళ్ళు, లోపల తల దువ్వుకుంటోంది. నా కాళ్ళు తలుపు వైపు గుంజాయి. గేటును గట్టిగా పట్టుకుని, "బిడ్డా, ఈ దిక్కు రా" అని పిలిచాను.

దువ్వెన జుట్టులో ఉండగానే బయటికి వచ్చింది. "బొగ్గు లారీ పోయింది గంతే అమ్మా. ఏడుస్తున్నవెందుకు?" అంది.

నిజమే, లారీయే. కానీ ఒక్క పిలుపుకే వచ్చింది నా బిడ్డ.