సంఘం పుస్తకం చదివిన రోజు

పోయిన నెల కావలిలో మా వీధి చివర ఒక చిన్న సహకార బ్యాంకు తెరిచారు. కొత్త రంగుల వాసన ఇంకా పోని ఆ గదిలో, డబ్బు వేద్దామా వద్దా అని తేల్చుకోలేక చాలాసేపు కూర్చున్నాను. బల్ల మీద మూత తీసిన స్టాంపు ప్యాడ్ ఒకటి ఉంది. దాని ఊదారంగు సిరా వాసన ముక్కుకు తగలగానే వేళ్ళు చీర కొంగుకు తుడుచుకున్నాను, అంటుకున్నది ఏమీ లేకపోయినా. కౌంటరు వెనక అమ్మాయి నవ్వుతూ ఫారం చేతికిచ్చింది. మరీ నవ్వుతూ ఎవరైనా కాగితం ఇస్తే నాకు గుబులు. "మా డబ్బు ఎవరికి అప్పిస్తారమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి వింతగా చూసింది. నిజానికి అది నా ప్రశ్న కాదు, మా జేజిది.

జేజి అంటే మా నాన్నను కన్న తల్లి, పోలమ్మ. మాది వాకాడుకు తూర్పున, ఇసుక దిబ్బల వెనక చేపలు పట్టేవాళ్ళ పాళెం. ఎండాకాలంలో వేట ఆపేసే రోజుల్లో పడవలన్నీ ఒడ్డున బోర్లా పడుకునేవి, మగవాళ్ళు వాటి నీడన వలలు బాగుచేసుకుంటూ ఉంటే ఆడవాళ్ళు మామిడికాయ వేసి నెత్తళ్ళ చేపల పులుసు కాచేవాళ్ళు, మేము ఆడపిల్లలం తడి ఇసుకలో ఎర్రపీతల వెంట పడి, అవి బొక్కల్లో దూరగానే మోచేతి దాకా చేతులు పెట్టి కరిపించుకుని ఏడ్చేవాళ్ళం. గంగమ్మ జాతరకు వరసగా పెట్టిన పొయ్యిల మీద బెల్లం పొంగళ్ళు పొగచూరి ఉడికేవి. ఆ పొగ వాసన రెండు రోజుల దాకా మా జడల్లోనే ఉండేది. కార్తీకం వస్తే ముసురు, ఈదురుగాలి, తడిసిన తాటాకు వాసన, సముద్రం పొద్దస్తమానం గొణుగుతూ ఉండటం.

జేజి ఎండుచేపలు అమ్మేది. ఆమెకు దేని మీదా నమ్మకం ఉండేది కాదు. ఉప్పు బస్తా కొంటే పై నుంచి ఒక పలుకు, అడుగు నుంచి ఒక పలుకు తీసి నాకి చూసేది. డాక్టరిచ్చిన మాత్రను గోటితో గీకి చూసి మింగేది. కోమటి తక్కెడను తిరగేసి అడుగున ఏమైనా అంటించాడేమోనని తడిమేది. ఎవరైనా ఆమెను పొగిడితే, "ఏం కావాల నీకు?" అని అడిగేది. డబ్బును రేకు డబ్బాలో పెట్టి ఎండుచేపల గంప అడుగున దాచేది. ఆ కంపులో చెయ్యి పెట్టే దొంగ పుట్టలేదని ఆమె ధీమా. నాన్న పడవకు ఇంజను కొనాలని ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బు అది. తెడ్లు వేసీ వేసీ నాన్న భుజం పడిపోతూ ఉండేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు వాయుగుండం పట్టి, వాగు నీళ్ళు ఇంట్లోకి వచ్చాయి. నీళ్ళు తీశాక జేజి ఆ నోట్లను ఈతచాప మీద నెత్తళ్ళ పక్కనే ఆరబెట్టి, కర్ర పట్టుకుని కాకుల్నీ మనుషుల్నీ ఒకటిగానే అదిలిస్తూ మూడు రోజులు కాపలా కాసింది. నాలుగో రోజు, "పాపా, దీన్ని యాడన్నా పెట్టాల. నువ్వు చదువుతావుగా, నాతో రా," అంది.

ముందు కోట టౌనులో పెద్ద బ్యాంకుకు పోయాం. గంటసేపు నిలబడ్డాక లోపల ఒకాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పక్కకు జరగమన్నాడు. జేజి జరిగి జరిగి బయటికి వచ్చేసింది. ఇక మిగిలినవి రెండు. ఒకటి, అదే వీధిలో అద్దాల తలుపులు పెట్టిన ఫైనాన్సు కంపెనీ. అందులో డబ్బు కట్టించే పని చేసేది జేజి సొంత అన్న కొడుకు శీనయ్య మామ. రెండోది మా బడి పక్క గదిలో ఆడవాళ్ళు పెట్టుకున్న పొదుపు సంఘం. దాని పుస్తకం రాసేది రూతక్క. ఆమె పక్క ఊళ్ళో చర్చి వెనక ఇంట్లో ఉండేది, భర్త పోయాక అద్దె మిషను మీద బట్టలు కుట్టి కూతుర్ని చదివించుకునేది. జాకెట్లు కుట్టించుకోవడానికి అమ్మ వెళ్ళినప్పుడల్లా నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని సుద్దముక్కతో గుడ్డ మీద గుణింతాలు రాయించింది ఆమే.

జేజి రెండు చోట్లా కొంచెం కొంచెం వేసి, వారం తిరక్కుండానే రెండు చోట్లా తిరిగి అడిగింది. కంపెనీలో మామ కూల్‌డ్రింకు తాగించి, "నీ డబ్బు నీకియ్యకేం అత్తా," అని అక్కడికక్కడే చేతిలో పెట్టాడు. రూతక్క మాత్రం తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు ల్యా పెద్దమ్మా. లచ్చమ్మ వల కొనుక్కునింది. వచ్చే బేస్తవారం కంతు కడతాది, అప్పుడిస్తా."

జేజి మొహం గంటు పెట్టుకుని, ఎండలో నన్ను ఈడ్చుకుంటూ లచ్చమ్మ ఇంటికి పోయింది. వాకిట్లో కొత్త నైలాను వల ఆరేసి ఉంది. జేజి దాన్ని చేతుల్లోకి తీసుకుని, ముడులు లాగి, వాసన చూసి, అక్కడే చతికిలబడి చాలాసేపు కూర్చుంది. ఆ సాయంత్రం డబ్బంతా సంఘంలో వేస్తానంది. నాన్న నిర్ఘాంతపోయాడు. అడగ్గానే ఇచ్చినవాణ్ణి, అందులోనూ సొంత మేనల్లుణ్ణి వదిలి, లేదన్నామెకు ఇస్తావా అన్నాడు.

"వాడు నవ్వతా ఇచ్చినాడు. యాడనించి తెచ్చిచ్చినాడో చెప్పలా," అంది జేజి. "ఈమి లేదనింది. యాడుండాదో చెప్పింది. నేను పోయి కంటితో చూసినా."

శీనయ్య మామ ఆ తర్వాత మా ఇంటి గడప తొక్కలేదు. మళ్ళీ వచ్చింది ఏడాదికి, కంపెనీ తలుపులకు తాళం పడ్డ రోజున. భార్య గాజులు కుదువ పెట్టి మరీ అందులో వేశాడట. ఊళ్ళో వాళ్ళు మోసగాడని తిడుతున్నారు గానీ అందరికంటే ఎక్కువ నమ్మినవాడు అతనే. అరుగు మీద తల వంచుకుని కూర్చున్న అతని ముందు జేజి అన్నం పళ్ళెం పెట్టింది. ఆ ఒక్క పూట ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు.

తెల్లారేసరికి భయం పాళేలన్నిటికీ పాకింది. బడి పక్క గది ముందు ఆడవాళ్ళు గుంపు కట్టి, మా డబ్బు మాకు పారెయ్యమని కేకలు. వాళ్ళందరికంటే ముందు నిలబడింది మా జేజే. డబ్బు వలల్లోనూ గేదెల్లోనూ ఉందని, ఒక్క రోజులో అందరికీ ఇవ్వడం ఎవరి తరమూ కాదని రూతక్క చెబుతూనే ఉంది.

"ఎవురెవురు తీసుకున్నారో పుస్తకం చదవాల," అంది జేజి. "నువ్వు కాదు. మా పాప చదవతాది."

నన్ను స్టూలు ఎక్కించారు. అట్ట పుస్తకం, ఊదారంగు వేలిముద్రలు, రూతక్క గుండ్రటి అక్షరాలు. గట్టిగా చదవడం మొదలుపెట్టాను. "లచ్చమ్మ, వల." గుంపులోంచి లచ్చమ్మ చెయ్యెత్తింది: "ఆ, నేనే. సగం కట్టినా." "చెంగమ్మ, ఐసు పెట్టెలు." "ఉండాయి మా ఇంట్లో, వచ్చి చూసుకోండి." పేరు వెనక పేరు, మనిషి వెనక మనిషి. కేకలు తగ్గుతూ వచ్చాయి. పేజీ తిప్పాను. మొదటి పేరు దగ్గర నా నోరు ఆగిపోయింది.

"ఏంది ఆగినావు? చదువు," అంది జేజి.

"రూతమ్మ, కుట్టు మిషను."

గుంపు భగ్గుమంది. మన డబ్బు ఈమే తినేసిందని వెనక నుంచి ఎవరో అన్నారు. రూతక్క నా వైపే చూస్తూ, "అవును. నేనూ సభ్యురాల్నే. నాలుగు కంతులు కట్టినా, రెండుండాయి," అంది.

జేజికి అది చాలలేదు. గుంపునంతా వెంటేసుకుని పక్క ఊరికి నడిచింది. చర్చి వెనక ఇంట్లో కిటికీ కింద మిషను ఉంది. దాని మీద ఎవరి పిల్లదో బడి గౌను సగం కుట్టి ఉంది. జేజి చక్రాన్ని చేత్తో తిప్పి చూసింది. బయటికి వచ్చి ఒకే మాట అంది: "ఉండాది." ఆ మాటతో ఆడవాళ్ళు ఇళ్ళకు పోయారు. సంఘం నిలబడింది.

మరుసటి ఏడాది అదే సంఘం ఇచ్చిన అప్పు కూడా కలిపి నాన్న ఇంజను కొన్నాడు. మొదటిసారి అది డబడబమని మోగినప్పుడు జేజి ఒడ్డున నిలబడి, ఎంతసేపు మోగుతుందో చూద్దామన్నట్టు పడవ కనుమరుగయ్యే దాకా కదల్లేదు. అప్పు కాగితం రూతక్కే రాసింది. కానీ పుస్తకం చదివించిన రోజు తర్వాత ఆమె మా జేజిని పెద్దమ్మా అని పిలవలేదు. "పోలమ్మ గారూ, ఇక్కడ ముద్రెయ్యండి," అనేది. ఆ 'గారు' వినపడ్డప్పుడల్లా జేజి రెప్పలు ఒకసారి పడేవి. "కోపముంటే ఉండనీ. అట్టాంటి దినం మళ్ళీ వస్తే మళ్ళీ అడగతా," అని దారిలో నాతో అనేది. నేను డిగ్రీ చదువుతూ ఉండగా జేజి పోయింది.

ఇప్పుడు మా పాళెం దాకా రొయ్యల చెరువులు వచ్చేశాయి. చేపలు ఆరబెట్టిన ఇసుక మీద మోటార్లు, పైపులు. రూతక్కకు చూపు తగ్గి, పుస్తకం రాసే మనిషి దొరక్క సంఘం మూతపడింది. ఆ గదిలో రొయ్యల మేత బస్తాలు పేర్చారు. ఆడవాళ్ళు ఫోన్లలోనే డబ్బు వేస్తున్నారు, తీస్తున్నారు. ఎవరి డబ్బుతో ఎవరి వాకిట్లో వల ఆరుతోందో ఎవరికీ తెలియదు, పోయి చూసేవాళ్ళూ లేరు.

కావలి బ్యాంకు సంగతి అడుగుదామని పోయిన వారం కోటలో కూతురి దగ్గర ఉంటున్న రూతక్క దగ్గరికి వెళ్ళాను. గొంతు వినగానే గుర్తుపట్టి నా చెయ్యి తడిమింది. మాటల్లో జేజి ప్రస్తావన వచ్చింది. ఆ రోజు జేజి అట్లా నిలదీసినందుకు ఏమీ అనుకోవద్దన్నాను.

"మీ జేజి అడిగినందుకు ఇప్పుడు నాకేం బాధ ల్యా," అంది రూతక్క. "ఆమి దేవుణ్ణైనా అట్నే అడగతాది. నువ్వు నా పేరు కాడ ఆగినావు చూడు. నా ఒళ్ళో అచ్చరాలు దిద్దిన బిడ్డవి. అది తగిలింది నాకు."

అబద్ధం చెప్పాలనిపించలేదు. "నాకు నిజంగానే అనుమానం వచ్చింది అక్కా," అన్నాను.

"తెల్సు. మిషను చూసినాక పోయిందా?"

చూపు లేని ఆ ముఖం నా వైపే తిరిగి ఉంది. మిషను ఉన్నంత మాత్రాన మిగతాదంతా సరిగ్గా ఉన్నట్టేనా అని ఆ రోజు ఇంటికొచ్చాక కూడా ఆలోచించిన సంగతి గుర్తొచ్చింది. "పోయింది," అన్నాను చివరికి.

"ఇంతసేపు పట్టిందా," అని రూతక్క నా చెయ్యి వదిలి, నాకు కాఫీ పెట్టమని కూతుర్ని కేకేసింది.