జీపు తాగిన చెలమ నీళ్లు

మా చిన్నప్పుడు... ఇంట్లో మంచినీళ్లు ముందు తాగేది జీపు. ఆ తర్వాతే మేము.

దుమ్ముగూడెం అవతల మా ఊరు. నాన్న భద్రాచలానికి కిరాయి జీపు నడిపేవాడు. ఊళ్లో ఉన్నది ఒక్క బోరు, అదీ ఉప్పు నీళ్లు. ఆ నీళ్లు రేడియేటర్లో పోస్తే లోపల గార కట్టి ఇంజిన్ వేడెక్కుతుంది. అవే ఎసరు పెడితే కందిపప్పు ఎంతసేపు ఉడికినా పలుకుగానే ఉంటుంది. అందుకే ఎండాకాలంలో అమ్మ పొద్దున్నే వాగుకు పోయి, ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు గిన్నెతో తోడి బిందెలకు బిందెలు నెత్తిన మోసుకొచ్చేది...

ఏటా ఎండలు ముదిరే ముందు నాన్న ఇంటి ముందే రేడియేటర్ కడిగేవాడు. కింద నీళ్లు వదిలే కాక్ తిప్పగానే ఇటుక రంగు నీళ్లు... మళ్లీ కాక్ బిగించి, నీళ్లు పోసి, కాసేపు ఇంజిన్ నడిపి, చల్లారాక మళ్లీ వదిలేవాడు. తేటనీళ్లు వచ్చేదాకా అదే పని. చూడ్డానికి నాకు సరదాగానే ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

కానీ ఒక ఏడాది సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమ్మ తెచ్చిన నాలుగు బిందెలూ ఆయన కడగడానికే పోసేశాడు.

"కడగనీకి బోరు నీళ్లు పొయ్యరాదా? ఆఖర్ల నింపేటప్పుడు మంచియి పోస్తే సాలదా?" అంది అమ్మ.

"బండి సంగతి నీకేం ఎరుక? పొయ్యి కాడ చూస్కోపో" అన్నాడు.

అమ్మ చెప్పిందే సరైన పద్ధతి. ఇప్పుడు నా కారుకు నేను చేసేదీ అదే.

మధ్యాహ్నం ఆయన అన్నానికి కూర్చున్నాడు. ఒక ముద్ద తిని, "ఏందే ఇది, పప్పు ఉడకనే లేదు" అని కంచం విసిరికొట్టాడు. ఆ పప్పు ఉడకాల్సిన నీళ్లు అప్పటికి జీపు కింద బురదలో ఉన్నాయి.

అమ్మ ఖాళీ బిందె తీసుకుని మిట్టమధ్యాహ్నం మళ్లీ వాగుకు బయల్దేరింది. నేనూ వెంట పోయాను. ఇసుక కాళ్లు కాలుస్తోంది. నీళ్లు ఊరేదాకా ఆ ఎండలోనే కూర్చున్నాం. కోపంతో నాకు ఏడుపొచ్చింది.

"ఏడ్వకు బిడ్డా. పప్పు లేంది మీ నాయినకు ముద్ద దిగది" అంది. ఆమె మీద కూడా కోపమొచ్చింది నాకు.

మొన్న ఆదివారం ఖమ్మంలో మా ఇంటి ముందు నా కారు రేడియేటర్ కడుగుతున్నాను. కూలెంటూ, డిస్టిల్డ్ వాటరూ షాపులోనే దొరికాయి. నాన్న కుర్చీ వేసుకుని మా ఆయనకు గొప్పగా చెబుతున్నాడు... "నా జీపు ఒక్కనాడు వేడెక్కలే అల్లుడూ. గట్ల చూసుకున్న."

పక్కనే అమ్మ, మెడకు పట్టీతో. ఎముకలు అరిగిపోయాయన్నారు దవాఖానాలో.

"ఆ నీళ్లు మోసిందెవరు నాన్నా?" అని అడిగాను.

"మీ అమ్మనే. అప్పుడు అందరిండ్లల్ల ఆడోళ్లే మోసిండ్రు గదా. అండ్ల ఏమున్నది?"

చేతిలో పైపు అక్కడే పడేసి లోపలికి వచ్చేశాను. ఇప్పటికీ ఆ మంట తగ్గలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

రోజులు మారాయి... కుళాయి వంటింట్లోకి వచ్చింది. మా అమ్మ మెడ మాత్రం తిరిగి రాదు.

అందరి ఇళ్లల్లో అంటే మీ ఇంట్లో కూడా. మీ చిన్నప్పుడు నీళ్లు మోసిందెవరో కింద రాయండి... అమ్మ, నాయనమ్మ అని కాదు, పేరు రాయండి.

మా అమ్మ పేరు వెంకటనర్సమ్మ.