ఇస్త్రీ చొక్కా

ఇస్త్రీ పెద్దాయనకి కోపం ముక్కు మీదే ఉంటుంది. చొక్కా ఉండచుట్టి తెచ్చినవాణ్ణి, "బట్టేం పాపం చేసిందయ్యా?" అని కసురుతూనే నీళ్లు చిలకరించి, పళ్లు బిగబట్టి ఇస్త్రీపెట్టె అదిమి రుద్దుతాడు. ఆయన చేతిలో ఏ ముడతా బతికి బట్టకట్టదు. ఆర్నెల్ల కిందట భార్య పోయాక, "గుండె దిటవు చేసుకో" అన్నవాళ్ల బట్టలు తీసుకోవడమే మానేశాడు. బయటున్న రెండు చొక్కాలే మార్చి మార్చి తొడుగుతున్నాడని, ఇవాళ పొద్దున కూతురు బీరువాలోంచి మూడోది తెచ్చి, బల్ల మీద పరిచి పెట్టె అందుకుంది.

"దించు," అన్న అరుపుకి వీధిలోవాళ్లు ఆగిపోయారు.

"గీతలు పడ్డాయి నాన్నా."

"పడనీ. మీ అమ్మ మడిచి పెట్టింది. ఎవడు విప్పమన్నాడు నిన్ను?"

తిడుతూనే ఆ గీతల వెంబడి మళ్లీ మడవబోయాడు. ముప్పయ్యేళ్లు ఊరందరి బట్టలూ మడిచిన చేతులకి, ఆవిడ మడత ఎంతకీ కుదరలేదు.